తొమ్మిదో కంబం వెనుక

(పద్నాలుగో భాగం)

కిందటి వారం మిమ్మల్ని చావడి మధ్యలో నిలబెట్టి నా దారిన నేను పోయాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, తప్పులేదు. కానీ నేనూ అక్కడే నిలబడ్డానన్న సంగతి మరిచిపోకండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్తాను. మాది ఉల్బర్ కొండ కడుపులో బతికే ఖొర్దూన్ వంశం. లోయలో ఉండే పొడుగువాళ్లు మమ్మల్ని మరుగుజ్జులంటారు. వాళ్లు నడుం వంచి పాకే చోట మేం నిటారుగా నడుస్తాం, ఎవరు పొట్టో మీరే తేల్చండి. నా పేరు హుర్దా. నూట తొంభై ఏళ్లొచ్చాయి. మాలో ఆడవాళ్లకూ గడ్డం ఉంటుంది. నాది నెరిసింది కానీ నోరింకా నెరవలేదు. కొండను వినడం నా పని. చిన్న సుత్తితో రాతిని తట్టి, ఖంగుమంటే గట్టిదని, బొదబొదమంటే గుల్లదని చెప్పాలి. నేను సరేనన్న చోటే మావాళ్లు ఉలి పెడతారు.

మా చావడికి తొమ్మిది రాతికంబాలు. తరానికొకటి చొప్పున, లోపల ఎంత రాగి ఉన్నా ముట్టుకోకుండా పెద్దలు వదిలిపెట్టినవి. ఒక్కో కంబానికి ఒక్కో పెద్ద పేరు ఉంటుంది. కంబం అంటే మాకు ఆ పెద్దే. ఎదురుగా నిలబడి దండం పెడతాం, కొత్త కోడళ్లు అరచేతులతో నూనె రాస్తారు. వెనక్కి మాత్రం ఎవరూ వెళ్లరు. కూర్చున్న పెద్దవాళ్ల వీపు వెనక చేరి తొంగిచూస్తామా ఏమిటి? తొమ్మిది వందల ఏళ్లుగా ఏ కంబం వీపూ ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మా వంశం పెద్ద గ్రూమ తొమ్మిదో కంబాన్ని కోసి రాగి తీయాలంటున్నాడు. కంబం కోయాలంటే వంశచరిత్ర మొత్తం చావడిలో చదివించాలి, చదివాక ఎవరూ అడ్డు చెప్పకూడదు. చదువు మొదలుకాకముందే నేను అడ్డు చెప్పాను. మొన్న పొద్దున తట్టినప్పుడు ఆ కంబం మోత మారింది. అక్కడే ఆపాను కదా?

"అత్తా, నువ్వు విన్నది కంబాన్ని కాదు, నీ చెవిలో గుబిలిని" అన్నాడు గ్రూమ.

జనం నవ్వారు. నవ్వరా మరి. రెండు వందల మంది పొద్దుటి నుంచి ఒట్టి పుట్టగొడుగుల చారు తాగి నిలబడ్డారు. నవ్వడానికి ఏదో ఒకటి కావాలి.

"మొన్నే వింటే మొన్నే ఎందుకు చెప్పలేదు?"

ఆ మాట సూటిగా తగిలింది. నిజమే, చెప్పలేదు. నా చెవి పోయిందేమోనని భయపడ్డాను. ముసలిదానికి చెముడొచ్చిందంటే నా సుత్తి లాక్కుని ఇంకొకళ్లకిస్తారని భయపడ్డాను. నిన్న మళ్లీ తట్టాను, అదే బొదబొద. రెండు రోజులు నా పరువు కోసం నోరు మూసుకున్నాను. ఇంతకంటే సిగ్గుమాలిన మాట ఈ పద్నాలుగు భాగాల్లోనూ నేను మీకు చెప్పలేదు.

"చెప్పలేదు, తప్పే. ఇప్పుడు చెప్తున్నా. అది గుల్లగా ఉంది. ముట్టుకోవద్దు."

"గుల్ల కాదత్తా, లోపల తొడంత లావు రాగి ఉంది." గ్రూమ జనం వైపు తిరిగాడు. మాట మీద మంచి పట్టున్నవాడు, వాళ్లమ్మకూ అలాగే ఉండేది. "రెండేళ్లుగా కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది మన పని. గాదెల్లో బార్లీ అడుగంటింది. రాగి ఇస్తే తప్ప లోయవాళ్లు గింజ విదల్చరు. మంచు పడితే దారి మూసుకుపోతుంది. మీ పిల్లలకు గంజి కావాలా, ఈవిడగారి చెవి కావాలా?"

వాడు చెప్పింది అబద్ధమైతే నాకింత భయం ఉండేది కాదు. గాదెలు నేనూ చూశాను.

"నా కూతురు కింద ఉందిరా గ్రూమా" అన్నాను.

నా సిర్గా ఆ పూట కింది సొరంగంలో ఉంది. తనతో పాటు నలభై మంది. ఈ కంబం చావడి నేల దాటి సరిగ్గా వాళ్ల పనిచోటికే దిగుతుంది. పైకి రావడానికి ఒకటే దారి, మూడు వందల మెట్లు, అవి చావడిలోకే తేలతాయి. మధ్యాహ్నం బూర వినగానే వాళ్లు ఆ కంబం మొదలు మీద తొమ్మిది దెబ్బలు కొడతారు. అందరం ఉన్నాం, అంబలి పంపండి అని దానర్థం. మేం పైనుంచి తొమ్మిది కొట్టి జవాబిస్తాం. రోజూ జరిగేదే.

"మా చెల్లెలూ కిందే ఉంది. నేనేమన్నా పగవాణ్ణా?" అన్నాడు గ్రూమ. గొంతు కొంచెం తగ్గింది. "ఒక్క కంబం తీస్తే కొండ కూలుతుందని మన చరిత్రలో ఎక్కడుందో చూపించత్తా. చరిత్రలో ఉంటే ఉలి కింద పెట్టేస్తా. నా గడ్డం మీద ఒట్టు."

అందరూ ఓద్రిమ్ వైపు చూశారు. ఓద్రిమ్ నా తమ్ముడు, మా వంశానికి చరిత్ర చదివేవాడు. మాకు పుస్తకాలు లేవు. ఎదురుగా ఇనప పలక పెట్టుకుని, సుత్తితో దెబ్బ వేస్తూ, దెబ్బకో పాదం చొప్పున నోటితో చదువుతాడు. మా నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

"చదువు తమ్ముడూ" అన్నాను.

వాడు నా వంక చూడలేదు. పలక ముందు కూర్చుని మొదలుపెట్టాడు. మా పాత కొండ నాహ్ర పుట్టుక, మూలపురుషుడు ఖొర్దూన్ మొదటి ఉలి, రాగి దొరికిన రోజు. దెబ్బ, పాదం, దెబ్బ, పాదం. ఆరో దెబ్బకు నాహ్ర చావడి కట్టారు. ఏడో దెబ్బకు రాగి తగ్గింది. ఎనిమిదో దెబ్బకు ఖొర్దూన్ కంబాల ఎదుట నిలబడ్డాడు.

అక్కడ సుత్తి గాల్లోకి లేచి ఆగిపోతుంది. చావడంతా ఊపిరి బిగబడుతుంది. నాహ్రలో పోయినవాళ్ల కోసం అని చిన్నప్పుడు చెప్పారు. ఎవరు ఎక్కువసేపు బిగబడతారో అని పిల్లలం పందేలు వేసుకునేవాళ్లం. ఆ తర్వాత సుత్తి దిగుతుంది: "పొడుగువాళ్లు కొండ మీద నుంచి రాళ్లు దొర్లించారు, నాహ్ర కూలింది, మిగిలినవాళ్లం ఉల్బర్‌కు వచ్చాం." ఇదీ మా చరిత్ర. ఈ పాదం వల్లే తొమ్మిది వందల ఏళ్లుగా రాగికి గింజలు మార్చుకోవడం తప్ప మేం లోయవాళ్లతో చెయ్యి కలపం, వాళ్ల నీళ్లు తాగం.

ఆ రోజు అందరూ ఊపిరి బిగబట్టారు. నేను బిగబట్టలేదు. సిర్గా మీద బెంగతో ఊపిరే సరిగా అందడం లేదు, ఇక బిగబట్టేదేమిటి? తమ్ముడి చేతినే చూస్తూ నిలబడ్డాను.

గాల్లో ఆగిందనుకున్న సుత్తి ఆగలేదు. వాడి మణికట్టు కదిలింది. ఒకటి. పెదవి లోపల ఏదో నలిగింది. రెండు. మూడు. ఆ తర్వాతే సుత్తి పలక మీద పడింది.

నూట నలభై ఏళ్లు రాళ్లను విన్నదాన్ని నేను. లోపల ఏమీ లేని చోటు మోత ఎలా ఉంటుందో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ మౌనం ఒట్టి మౌనం కాదు. అందులోంచి ఎవరో ఏదో తవ్వి తీసేశారు.

"ఆపరా!" అని అరిచాను.

చరిత్ర చదివేటప్పుడు అడ్డు రావడమా! జనం గగ్గోలు పెట్టారు. ముందు వరసలో కూర్చున్న బెల్లూక, మా అందరికంటే పెద్దది, కర్ర ఎత్తింది. "ఏమే హుర్దా, మతి పోయిందా? పోయినవాళ్ల ఊపిరి మధ్యలో కూతలేమిటే!"

నేను తమ్ముడి ముందు గొంతుక్కూర్చున్నాను. "అక్కడ మూడు పాదాలు ఉన్నాయి కదూ?"

"లేవక్కా."

"నీ మణికట్టు మూడుసార్లు ఆడింది."

"చెయ్యి నొప్పిగా ఉంది."

"ఒరే, నీకు పాలపళ్లు ఊడినప్పటి నుంచి నీ అబద్ధాలు వింటున్నాను. నా దగ్గరా?"

వాడు తల ఎత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "వద్దక్కా" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా. "నాన్న చనిపోయేముందు చెవిలో చెప్పాడు. తరానికి ఒక్కడికే. విప్పి చెప్పినవాడికి గడ్డం గొరిగి కొండ బయటికి తోలేస్తారు. అది కూడా పెద్ద విషయం కాదు. అది... అది మన ఇంటి మాటే. చెప్తే మన ఇంటి పేరు మిగలదు."

"సిర్గా మిగలాలి కదరా ముందు."

వాడు సుత్తి పిడిని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"నీ భుజాల మీద ఎక్కించుకుని ఈ చావడంతా తిప్పావు దాన్ని. గుర్తుందా? మామా, ఇంకో చుట్టు, ఇంకో చుట్టు అని ప్రాణం తీసేది. అది కింద ఉంది. ఇంటి పేరు ఎవరికి పెట్టుకుంటావు తర్వాత? నాకా?"

గ్రూమ ఓపిక నశించింది. "చాలు! చరిత్ర అయిపోయింది. ఎక్కడా లేదు. ఉలి తీసుకురండి."

"ఉంది" అన్నాడు ఓద్రిమ్.

 మా తమ్ముడు సుత్తి ఎత్తాడు.  మొదటి దెబ్బ వంకరగా పడింది.

"కొండను వినే తోర్మ కంబం తట్టి, ఇది బరువు మోయడం లేదు, ఒట్టి గుర్తు, కోసుకో అన్నాడు."

తోర్మ మా ఇంటి మూలపురుషుడు. నా చేతిలో ఉన్న సుత్తి ఆయనదే.

రెండో దెబ్బ. "ఖొర్దూన్ తన చేతుల్తో కంబం కోశాడు. రాగి దొరికింది. మూడు రోజులు విందు చేశారు."

మూడో దెబ్బ. "కోసిన మర్నాడు కొండ మాట్లాడలేదు. రెండో నాడూ మాట్లాడలేదు. మూడో నాడు, వెలుగు నిటారుగా దిగిన వేళ, కొండ కూర్చుంది. మూడు వందల పన్నెండు మంది పోయారు. పొడుగువాళ్లే పరుగెత్తుకొచ్చి రాళ్లు తొలగించి మిగిలినవాళ్లను బయటికి లాగారు."

సుత్తి కింద పెట్టి, తన గడ్డం తన గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాడు, అప్పుడే ఎవరో కోసుకుపోతారేమో అన్నట్టు.

 బెల్లూక గొంతు లేచింది, సన్నగా. "నిన్న కూడా నా మనవలకు చెప్పానే... పొడుగువాళ్లు రాళ్లు దొర్లించారని. కళ్లు పెద్దవి చేసుకుని విన్నారే పిల్లలు!" ఆవిడ ఏడుస్తోందో తిడుతోందో తెలియలేదు. వెనకనుంచి ఎవడో "అబద్ధం! అక్కా తమ్ముడూ కూడబలుక్కున్నారు!" అని అరిచాడు. ఇంకొకడు వాణ్ణి తోశాడు. "సొంత తాత మీద ఎవడన్నా ఇలాంటి అబద్ధం ఆడతాడురా?"

నాకు మాత్రం గుండె తేలికపడింది, ఒప్పుకుంటాను. మా ఇంటి పరువు పోతే పోయింది. గ్రూమ గడ్డం మీద ఒట్టేశాడు, చరిత్రలో ఉంటే ఉలి దించుతానన్నాడు. ఇక కంబం కోయడు. నా పిల్ల మెట్లెక్కి వస్తుంది, అంబలి తాగుతుంది, మంచిదో చెడ్డదో మామ కథ వింటుంది.

గెలిచాననుకుని గ్రూమ వైపు తిరిగాను.

వాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఓడిపోయినవాడి ముఖం అలా ఉండదు. ఓడిపోయినవాడికి కోపం ఉంటుంది. వీడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"మళ్లీ చెప్పు ఓద్రిమ్ మామా" అన్నాడు. "ఎన్నో నాడు?"

"మూడో నాడు."

"ఏ వేళకు?"

"వెలుగు నిటారుగా దిగిన వేళకు."

గ్రూమ తలెత్తి పైకప్పులోని వెలుగు కన్నం వైపు చూశాడు. అక్కడి నుంచి దిగే ఎండ కిరణం చావడి నేల మీద ఏటవాలుగా పడుతోంది. వెలుగు నిటారుగా దిగితే చేరే నేల మధ్య రాయికి ఇంకా జానెడు దూరంలో ఉంది.

అప్పుడు నాకు వాడి మాట గుర్తొచ్చింది. లోపల తొడంత లావు రాగి ఉందన్నాడు. ఉండొచ్చు అనలేదు. ఉంది అన్నాడు. చూడందే ఎలా తెలిసింది?

నేను కంబం దగ్గరికి నడిచాను. ఎదురుగా నిలబడి దండం పెట్టలేదు. పక్కనుంచి తిరిగాను.

"హుర్దా!" బెల్లూక కేక పెట్టింది. "వెనక్కి వెళ్లకే! పాపం తగుల్తుందే!"

తగిలితే తగిలింది. కంబానికీ గోడకూ మధ్య సందులో దూరాను. రోజూ పొద్దున్నే ఈ కంబాన్ని తట్టాను, నూట నలభై ఏళ్లుగా, ఒకే వైపు. కొండను వినేదాన్ని కదా, వీపు కూడా తట్టాలన్న ఆలోచన ఒక్కసారి రాలేదు. మర్యాద అడ్డొచ్చింది. ఆ మర్యాదే వాడికి పనికొచ్చింది. ఎవరూ చూడని చోటు ఇంత పెద్ద కొండలో అదొక్కటే.

సందులో కాలి కింద రాతిపొడి కసకసలాడింది. చెయ్యి చాపితే కంబం తగల్లేదు. ఇంకా చాపాను. భుజం దాకా లోపలికి వెళ్లింది. వీపంతా తోడేసి, లోపల రాగి ఎర్రగా మెరుస్తోంది. మా ముందు వైపు నిలబడి ఉన్నది కంబం కాదు, పెంకు.

బయటికి వచ్చాను. 

"ఎప్పుడు కోశావురా?"

"చూద్దామనుకున్నానత్తా." పెద్దరికం, మాటకారితనం ఏమీ మిగల్లేదు, మళ్లీ చిన్నప్పటి గ్రూమే. "రాగి ఉందో లేదో తెలీకుండా జనానికి ఆశ పెట్టడం ఎందుకని... నేనూ మా బావమరిదీ. కొంచెమే అనుకున్నాం. కనబడ్డాక చెయ్యి ఆగలేదు. పిల్లలకు గింజలొస్తాయని..."

"ఎప్పుడని అడిగా!"

"మూడు రోజుల కిందట. మధ్యాహ్నం."

వెలుగు కిరణం మధ్య రాయి అంచును తాకింది.

ఎవరో కెవ్వుమన్నారు, అంతే, చావడి కదిలింది. పిల్లల్ని చంకనేసుకుని బయటి దారి వైపు తోసుకుంటున్నారు. ఓద్రిమ్ బెల్లూకను భుజాన వేసుకున్నాడు. నేను గ్రూమ మెడపట్టీ పట్టుకుని మెట్ల వైపు తోశాను. "దిగు! పరుగెత్తు! వాళ్లను పైకి తీసుకురా!" చెప్పేలోపే వాడు దూకాడు. అప్పటిదాకా వాణ్ణి ఎన్ని తిట్టానో, అప్పుడు అన్ని దీవెనలూ పెట్టాను. నా కాళ్లకు ఆ మెట్లు దిగే బలం లేదు. మూడు వందల మెట్లు. దిగడానికే చాలాసేపు పడుతుంది. సుత్తి చేత్తో పట్టుకుని కంబం దగ్గరే నిలబడ్డాను.

అప్పుడు మధ్యాహ్నం బూర మోగింది.

బూర ఊదేవాడు కొండ శిఖరం మీద కూర్చుంటాడు. లోపల ఏం జరుగుతోందో వాడికేం తెలుసు? ఎండ చూశాడు, ఊదాడు. ఆపమని అరిచినా శిఖరం దాకా వినబడదు.

కంబం లోపలి నుంచి, కాళ్ల కిందనుంచి, మోత వచ్చింది. ఒకటి.

సిర్గా చెయ్యి. ఎవరి దెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలుసు. చివర చిన్నగా ఊపుతుంది అది, ఎన్నిసార్లు దిద్దినా మానలేదు. రెండు. మూడు. అందరం ఉన్నామమ్మా, అంబలి పంపండి. నాలుగో దెబ్బకు పైకప్పు నుంచి ఇసుక జలజలా రాలి నా గడ్డంలో పడింది. ఐదు. ఆరు. ఏడో దెబ్బకు కంబం ముఖం మీద, తరాల కోడళ్లు నూనె రాసిన నున్నటి చోట, వెంట్రుకంత గీత పాకింది. ఎనిమిది. తొమ్మిది.

ఆగింది.

ఇప్పుడు కింద నా కూతురు కంబానికి చెవి ఆనించి జవాబు కోసం చూస్తూ ఉంటుంది. నేను జవాబివ్వాలంటే ఈ పెంకు మీద తొమ్మిది దెబ్బలు కొట్టాలి. ఒక్క దెబ్బకైనా ఇది ఆగుతుందని నేను చెప్పలేను. గ్రూమ ఇంకా సగం మెట్లు కూడా దిగి ఉండడు.

కొట్టకుండా ఊరుకుందామా అంటే అదీ కుదరదు. పైనుంచి జవాబు రాకపోతే పెద్ద బండసుత్తి తీసుకుని, నలుగురు కలిసి, ఈ మొదలు మీదే బలం కొద్దీ మళ్లీ కొట్టాలి. సిర్గాకు ఆ పద్ధతి నేర్పింది నేనే.